ముందు అవార్డు, తర్వాత కాపురం

ఆ పొద్దున మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి జ్యూరీవాళ్ళు వస్తారు. మొదటి అంతస్తులో ఒక్క ఫ్లాటు చూపించాలి. అందులో ఒక కుటుంబం కనబడాలి, ఆ కుటుంబం సంతోషంగా కనబడాలి. టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి భోజనాల వేళకి సాగనంపేయాలి. ఆ తర్వాత ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని హాయిగా పడుకోవాలి. పాపం, పడుకోవడం గురించి కూడా అతను ముందుగానే అనుకున్నాడు.

అతను పనిచేసేది లాభం చూసుకోకుండా పేదవాళ్ళకి చవకగా ఇళ్ళు కట్టిచ్చే స్వచ్ఛంద సంస్థలో. కట్టడం మాట నిజమే. ఇవ్వడం దగ్గరే కాస్త ఆలస్యం. నాలుగంతస్తుల తెల్లటి భవనం పూర్తయి రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి, ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. దానికి కారణం సంస్థను నడిపే మేడమ్. ఎప్పుడో వేరే సంస్థ కట్టిన భవనాన్ని జ్యూరీ చూస్తుంటే ఆవిడ పక్కనే ఉంది. బాల్కనీ కమ్మీల మీద తడిబట్టలు చూసి జ్యూరీ ముఖం చిట్లించడం ఆవిడ కళ్ళారా చూసింది. ఆ సంస్థకి అవార్డు రాలేదు. ఆ రోజే ఆవిడ ఒక నియమం పెట్టుకుంది: ముందు అవార్డు, తర్వాత జనం.

అయితే అవార్డులకి అంతు ఉండదు కదా. నమూనాకి ఒకటి వచ్చింది, గాలీ వెలుతురుకి ఒకటి వచ్చింది, శుభ్రతకైతే వరుసగా రెండు వచ్చాయి. మనుషులు లేని ఇల్లు శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది? "ఈ ఒక్కటీ అయిపోనీవయ్యా, తాళాలిచ్చేద్దాం" అని మేడమ్ ప్రతిసారీ అనేది. ఇళ్ళు రాసిపెట్టిన కుటుంబాలు భవనం పక్కనే ఉన్న ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి, నిలబడి, వెళ్ళిపోతూ ఉండేవి.

ఈసారి పోటీ పడింది అన్నిటికంటే పెద్ద అవార్డుకి. లాభాపేక్ష లేని సంస్థలు పేదలకి కట్టిన ఇళ్ళల్లో అన్నిటికంటే గొప్పదానికి ఇచ్చేది. దానికి ఈ ఏడు కొత్తగా ఒక షరతు పెట్టారు. జ్యూరీ ఖాళీ గోడలు చూడదట. కాపురం ఉంటున్న ఇంట్లో, ఆ ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడుతుందట.

"ఇప్పుడు వీళ్ళకి జనం కూడా కావాల్సొచ్చారా?" అని మేడమ్ మండిపడింది. "ఇదెక్కడి చోద్యమయ్యా!"

"ఒక్క కుటుంబాన్ని పెడదాం మేడమ్. ఒక్క పూటకి."

"పూటకే. సాయంత్రానికల్లా తాళం నా చేతిలో పడాలి. వచ్చే నెల ఇంకో అవార్డుకి ఫోటోలు తీయించాలి."

ఏ కుటుంబాన్ని పెట్టాలో మేనేజరు ఆలోచించనక్కర్లేకపోయింది. రోజూ గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడేది ఇస్త్రీ ఆవిడ. ఆవిడ భర్త రంగులు వేసేవాడు. ఈ భవనానికే, మూడో అంతస్తు బయటి గోడకి తెల్లరంగు వేస్తుంటే కాళ్ళకింది చెక్క జారింది. ఆసుపత్రిదాకా కూడా బతకలేదు. ఆ రోజు మేడమ్ నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూ, "మొదటి ఇల్లు నీదేనమ్మా" అని అందరి ముందూ ఆవిడకి మాటిచ్చింది. మేడమ్ మాట తప్పలేదు. మొదటి ఇల్లు ఇచ్చే రోజే రాలేదు, అంతే.

ఇస్త్రీ ఆవిడ, ఆవిడ అత్త ఉంటున్నది ఓ గోడ ఒరిగిపోయిన అద్దెగదిలో. ఆ గోడకి బదులు ప్లాస్టిక్ పట్టా కట్టుకుని వానాకాలం గడిపారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే గది కూలగొట్టేస్తున్నానని యజమాని కబురు పెట్టాడు. ఆ పూట దాటితే అత్తాకోడళ్ళకి తల దాచుకోవడానికి ఇంకెక్కడా చోటు లేదు. అందుకే మేనేజరు పిలవగానే ఆవిడ ప్రాణం లేచివచ్చింది.

"ఇవాళ నువ్వు ఆ ఇంట్లో కాపురం ఉంటున్నట్టు నటించాలమ్మా" అన్నాడతను.

"నటించడమేంటి సార్? ఆ ఇల్లు నాదే కదా?"

"నీదే. అందుకే నువ్వయితే నటన సహజంగా ఉంటుంది."

"తాళం ఇచ్చేస్తారా సార్?"

"అవార్డు రానీ ముందు. ఊరికే తొందరపడకు."

ఆవిడ ఆ మాటని ఇస్తామన్నట్టే తీసుకుంది. ఇంటికి పరుగెత్తి, ఉన్నదంతా మూటలు కట్టి, ఇస్త్రీపెట్టె నెత్తిన పెట్టుకుని, అత్తని నడిపించుకుంటూ వచ్చేసింది. మూటలు చూసి మేనేజరుకి చెమటలు పట్టాయి. ఒక పూటకి ఇన్ని మూటలా? అన్నిటినీ స్నానాలగదిలో కుక్కి తలుపేశాడు.

హాలు మాత్రం దేదీప్యమానంగా ఉంది. పేదవాళ్ళ ఇల్లు మరీ పేదగా కనబడకూడదని మేడమ్ తన ఇంట్లోంచే సోఫా, మంచం, కుర్చీలు, తెరలు పంపించేసింది. ఆవిడ భర్త పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు వ్యాను పిలిచి ఎక్కించేసింది. ఏదైనా భర్తతో ముందుగా చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. అన్నీ అమర్చాక చూస్తే హాలు గోడమీద చెమ్మ మరక బయటపడింది. సామాన్లతోపాటు ఒక పటం కూడా వచ్చింది. మేనేజరు దాన్ని తీసి మరక మీద తగిలించాడు. అది మేడమ్ భర్త బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన రోజు తీయించుకున్న ఫోటో. అది ఎవరి ఫోటో అని ఆ క్షణంలో మేనేజరు ఆలోచించలేదు. మరక కనబడకుండా పోయింది, అతనికి అదే పదివేలు.

"ఇదుగో వినండి" అన్నాడు అత్తాకోడళ్ళతో. "అడిగినదానికే జవాబు చెప్పాలి. ఆయన ఎలా పోయాడని అడిగితే జ్వరం అనండి. ప్రమాదం జరిగిన కట్టడానికి అవార్డు ఇవ్వరు."

"జ్వరమా?" అంది ముసలావిడ. "నా కొడుకు మూడో అంతస్తు మీంచి పడి పోయాడయ్యా."

"తెలుసు పెద్దమ్మా. ఈ ఒక్క పూటకీ జ్వరంతో పోనివ్వు."

ముసలావిడ ముఖం తిప్పేసుకుంది. తర్వాత ఏమీ వినబడనట్టు కూర్చుండిపోయింది. ఆవిడకి చెముడని మేనేజరు అప్పుడే తీర్మానించేసుకున్నాడు. ఇస్త్రీ ఆవిడ మాత్రం మొగుడు రంగేసిన గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడింది. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

జ్యూరీ అంటే ఇద్దరే. ఒకాయన రిటైరైన ఇంజనీరు, అధ్యక్షుడు, నెరిసిన మీసాల పెద్దాయన. రెండో ఆవిడ ప్రొఫెసరు. ఊరికే కళ్ళు చెమర్చే మనిషి. మేడమ్ ఇద్దర్నీ వెంటబెట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన సోఫాలో తానే అతిథిలా సర్దుకుని కూర్చుంది.

"ఈ ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?" అని పెద్దాయన అడిగాడు.

ఇస్త్రీ ఆవిడ మేనేజరు వైపు చూసింది. "ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టుందండీ" అంది. ఆవిడ మనసులో మాటే అది. పెద్దాయన ముచ్చటపడి తలాడించాడు.

"ఇల్లు బాగుందా అవ్వా?"

"గోడలు బాగున్నాయి" అంది ముసలావిడ. "రంగు మావాడు వేసిందే."

మేనేజరు గట్టిగా దగ్గాడు. "అంటే, రంగులేసే కుర్రాళ్ళందర్నీ ఈవిడ సొంత కొడుకుల్లా చూసుకుందండి."

"ఆహా!" అంది ప్రొఫెసరు. "మరి మీ సొంత అబ్బాయి ఏం చేస్తాడమ్మా?"

"పోయాడు."

"అయ్యయ్యో! ఎలా?"

"జ్వరమండీ" అన్నాడు మేనేజరు.

"ఆఁ, జ్వరమే" అంది ముసలావిడ. "మూడంతస్తుల జ్వరం."

"పాపం, అంత ఎక్కువ జ్వరమా!" అని ప్రొఫెసరు కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న కళ్ళు తిన్నగా పటం మీద పడ్డాయి. "ఈయనేనా?"

అత్తాకోడళ్ళిద్దరూ నోరు తెరిచారు. వాళ్ళకంటే ముందే మేనేజరు తల ఊపేశాడు. ఊపాక గానీ అది ఎవరి పటమో అతనికి గుర్తు రాలేదు. మేడమ్ వైపు చూశాడు. మేడమ్ అతన్ని చూసిన చూపుకి కిటికీలోంచి దూకేద్దామా అనిపించింది. కానీ ఇదివరకే ఒకడు పడ్డాడు, రెండోవాడు కూడా పడితే అవార్డు పోతుంది.

"వయసు తేడా కాస్త ఎక్కువే" అంది ప్రొఫెసరు, ఒకసారి ఇస్త్రీ ఆవిడనీ, ఒకసారి పటంలోని బట్టతలనీ చూసి.

"కష్టాలండీ" అన్నాడు మేనేజరు. "మనిషిని తినేస్తాయి."

"తినేసినట్టు లేదే, బాగానే ఒళ్ళు చేశాడు" అని పెద్దాయన గొణుక్కున్నాడు. అయినా మంచివాడు. లేచి నిలబడి, "ఆ మహానుభావుడి ఆత్మశాంతికి ఒక్క నిమిషం మౌనంగా ఉందాం" అన్నాడు. అందరూ నిలబడ్డారు. మేడమ్ కూడా లేచి, ఆ పొద్దున కాఫీ కలిపిచ్చిన మొగుడి పటం ముందు తల దించుకుని నిలబడింది. అత్తాకోడళ్ళు పటం వైపు చూడలేదు. వాళ్ళు గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ గదిలో నిజంగా మౌనం పాటించింది వాళ్ళిద్దరే.

మౌనం అయ్యాక ప్రొఫెసరు కూర్చుని ముక్కు చీదుకుంది. "కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా?" అని అడిగింది. ఇస్త్రీ ఆవిడ సంబరంగా వంటింట్లోకి వెళ్ళింది. తన ఇంట్లో మొదటిసారి ఒకరికి నీళ్ళివ్వబోతోంది మరి. కుళాయి తిప్పింది. లోపలినుంచి గరగరమని గాలి వచ్చింది. ఇంకొంచెం తిప్పింది. ఇంకొంచెం గాలి వచ్చింది. వెనకే పరుగెత్తుకొచ్చిన మేనేజరు సంచీలోంచి సీసా తీసి గ్లాసులో పోశాడు.

"కుళాయి పాడైందా సార్?"

"పాడవడానికి అసలు గొట్టం కలిపితే కదమ్మా" అన్నాడతను, కంగారులో నిజం జారిపోయి. "ఊరికే నవ్వుతూ పట్టుకెళ్ళు."

మేడమ్ కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ముసలావిడ గుమ్మం పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. గట్టిగా అరిస్తే గానీ ఆవిడకి వినబడదని మేనేజరు ముందే చెప్పాడు, అందుకని మేడమ్ ఆవిడని పట్టించుకోలేదు. "మా ఆయన్ని చంపేశావు కదయ్యా. సరే, అది తర్వాత చూసుకుందాం. ఈ మూటలేంటి, స్నానాలగది నిండా? ఐదింటికల్లా ఇవీ వీళ్ళూ బయట ఉండాలి, తెలిసిందా?"

ముసలావిడ కదల్లేదు. చేతిలోని కర్రని మాత్రం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కొడుకు ప్రాణం తీసిన ఇల్లు. దాంట్లో నీళ్ళు లేవు, సాయంత్రమైతే తమకి చోటూ లేదు.

సరిగ్గా అప్పుడే వీధితలుపు దగ్గర ఒక గొంతు వినబడింది.

"ఏమండీ, మా సోఫా ఇక్కడికే వచ్చిందా?"

అది మేడమ్ భర్త. నడక నుంచి ఇంటికెళ్ళి కూర్చోబోతే చేతికి సోఫా తగల్లేదు. దొంగలు పడ్డారనుకుని గుండె పట్టుకుని కూలబడ్డాడు. పక్కింటివాళ్ళు వ్యాను వెళ్ళిన చోటు కనుక్కుని ఆటో ఎక్కిస్తే వచ్చాడు. సోఫా పోయిందని కాదు ఆయన బాధ. ఆయన కళ్ళజోడు ఆ సోఫా దిళ్ళ సందులో ఉండిపోయింది. అది లేకపోతే ఆయనకి మనుషులు కనబడరు, మసకలు కనబడతాయి.

ప్రొఫెసరు ఆయన్ని చూసింది, పటాన్ని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. "అమ్మో!" అని కెవ్వుమంది. నీళ్ళ గ్లాసు కిందపడింది. పెద్దాయన మీసాలు వణికాయి.

"అన్నగారండీ!" అని అరిచాడు మేనేజరు. "పోయినాయన అన్నగారు. కవలలు!"

"ఎవరు? ఎవరికి అన్న?" అన్నాడు మేడమ్ భర్త, చేతులు ముందుకి చాచి గాలిలో తడుముతూ.

అప్పుడు ముసలావిడ లేచింది. ఎవరూ పట్టుకోకపోతే లేవలేదనుకున్న మనిషి, కర్ర పక్కన పడేసి నాలుగంగల్లో వెళ్ళి ఆయన్ని వాటేసుకుంది.

"వచ్చావా నాయనా! ఇన్నాళ్ళకి ఈ అమ్మ గుర్తొచ్చిందా!"

మేనేజరు ఆశ్చర్యపోయాడు. ఇంత నటన తను నేర్పలేదు. ముసలావిడ ఏడుపు మాత్రం నటన కాదు. పోయిన కొడుకు కోసం మనసారా ఏడవడానికి ఆవిడకి ఇన్నాళ్ళూ ఒక భుజం దొరకలేదు, ఇప్పుడు దొరికింది. ఇక ఆయన సంగతి చూడండి. చిన్నప్పుడే తల్లి పోయి హాస్టళ్ళల్లో పెరిగినవాడు. తర్వాత బ్యాంకులో అందరూ సార్ అన్నారు, ఇంట్లో మేడమ్ ఇదుగో అంది. నాయనా అని పిలిచినవాళ్ళు లేరు. ఎవరో తెలియదు, కనబడనూ లేదు. అయినా ఆయన నోట తెలియకుండానే మాట వచ్చేసింది.

"వచ్చానమ్మా."

ప్రొఫెసరు వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దాయన మాత్రం ఇంజనీరు కదా, ప్రతి అతుకూ తట్టి చూసే రకం. "ఈయన్ని ఎప్పుడైనా ఇక్కడ చూశారా మేడమ్?" అని అడిగాడు.

మేడమ్ ఒక క్షణం మొగుణ్ణి చూసింది. ఒక క్షణం అవార్డుని తలుచుకుంది. "లేదండీ. ఇదే మొదటిసారి చూడ్డం."

మేడమ్ భర్త ఉలిక్కిపడి ఆ వైపు తిరిగాడు. "ఆ గొంతు అచ్చం మా ఆవిడ గొంతులా ఉందండీ."

"చాలామందికి ఇలాంటి గొంతే ఉంటుందండీ" అంది మేడమ్ పళ్ళ మధ్యనుంచి.

"కోపం కూడా అచ్చం అలాగే ఉంది" అన్నాడాయన ఆశ్చర్యంగా. "క్షమించండమ్మా. నా కళ్ళజోడు ఆ సోఫాలో ఉండిపోయింది."

"అంటే మీరు ఇక్కడికి వస్తూ పోతూ ఉంటారన్నమాట?" అన్నాడు పెద్దాయన.

"ఎక్కడికో తెలీదుగానీ, రోజూ ఆ సోఫాలోనే కూర్చుంటానండీ."

"మీరుండేదెక్కడ?"

"సొంతిల్లండీ. మేడ. ఐదు గదులు."

"ఎంతమంది ఉంటారు?"

"నేనూ మా ఆవిడా. మా ఆవిడ ఇంట్లో ఉండేది తక్కువ. ఎప్పుడూ పేదవాళ్ళ సేవ అంటూ తిరుగుతుంటుంది."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "విన్నారా మేడమ్? బయట పేదవాళ్ళకి సేవట! ఇంట్లో అత్తగార్ని తెచ్చి పేదల ఇంట్లో పడేసిందట! అసలు ఎలాంటి మనిషండీ ఆ ఇల్లాలు?"

"ఏం చెప్తామండీ" అంది మేడమ్, కోపం దిగమింగుకుని. "అలాంటివాళ్ళూ ఉంటారు."

"ఐదు గదులున్న కొడుకు తల్లికి ఇక్కడ ఇల్లెందుకు?" పెద్దాయన గొంతు పెంచాడు. "ఈ ఇల్లు నిజంగా దిక్కులేనివాళ్ళది. ఈ సోఫా చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అవ్వనీ మీ మరదల్నీ ఇప్పుడే మీ ఇంటికి తీసుకెళ్ళండి. ఈ ఇల్లు అర్హులకి ఖాళీ చేసి ఇస్తేనే అవార్డు మాట ఎత్తుతాను."

ఆ మాటతో ఇస్త్రీ ఆవిడ తట్టుకోలేకపోయింది. ఆ భవనానికి రంగు వేస్తూ మొగుడు పోయాడు. ఆ ఇంటికి తను అర్హురాలు కాదట! "అయ్యా, ఈ ఇల్లు నాదండీ! మా ఆయన ఇక్కడే..." అంటుండగానే అత్త ఆవిడ రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"నోరు ముయ్యవే."

"ఎందుకు ముయ్యాలి అత్తా? నిజం చెప్పేస్తాను. ఆయన జ్వరంతో పోయాడా? ఆ పటంలో ఉన్నది ఆయనా?"

"చెప్పు. చెప్తే వాళ్ళ అవార్డు పోతుంది, మనం రోడ్డు మీదుంటాం. చెప్పకపోయినా ఐదింటికి మనల్ని గెంటేస్తారు, ఆవిడ అంటుంటే విన్నాను. ఈ కుళాయిలో నీళ్ళు లేవు. మన గది ఇంకాసేపట్లో కూలిపోతుంది." ముసలావిడ కోడలి చెంపలు తుడిచింది. "వీళ్ళందరిలో మాట మీద నిలబడే గొంతు ఆ గుడ్డాయనదొక్కటే వినబడింది నాకు. అమ్మా అన్నాడు. పద."

"మరి ఈ ఇల్లు?"

"ఇది ఇల్లు కాదే. మావాడు రంగేసిన గోడ, అంతే."

ఇస్త్రీ ఆవిడ స్నానాలగది తలుపు తీసి మూటలు బయటికి లాగింది. ఇస్త్రీపెట్టె నెత్తికెత్తుకుంది. మళ్ళీ ఒకసారి గోడ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

పెద్దాయన ఎవర్నీ నమ్మే స్థితిలో లేడు. తన కారులోనే వాళ్ళని ఎక్కించుకుని, దగ్గరుండి దింపడానికి బయల్దేరాడు. వెంట వెళ్ళడానికి మేడమ్‌కి దారి లేదు. ఆయనెవరో ఆవిడకి తెలియదు కదా. మొగుడూ, ఎవరికో తల్లీ, ఎవరికో కోడలూ తన ఇంటికి వెళ్ళిపోతుంటే బాల్కనీలోంచి చెయ్యూపింది.

ఇంటికెళ్ళి చూస్తే హాల్లో కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. పడకగదిలో మంచం లేదు. కిటికీలకి తెరలు లేవు. పెద్దాయన ఆ ఖాళీ గదుల్లో అటూ ఇటూ తిరిగి, మేడమ్ భర్త చేతులు పట్టుకున్నాడు. "నన్ను క్షమించాలి మీరు. ఉన్న సామానంతా తల్లికే ఇచ్చేసి కటికనేల మీద పడుకుంటున్నారా! ఆ మహాతల్లి, మీ భార్య, ఎంతకి తెగించిందో ఇప్పుడు అర్థమైంది."

కళ్ళజోడు ఇంకా సోఫాలోనే ఉండటంవల్ల ఆయనకి ఏ సామాను ఉందో ఏది లేదో కనబడలేదు. "అమ్మ కింద కూర్చుంది, చాప ఏదైనా ఉందేమో చూడమ్మా" అని మాత్రం ఇస్త్రీ ఆవిడతో అన్నాడు.

అవార్డు వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? అనర్హుల్ని చూపించగానే ఇల్లు ఖాళీ చేయించిన సంస్థ ఇంకోటి లేదని పెద్దాయన సభలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఫలకాన్ని భవనం గుమ్మంలో బిగించారు. అంతలోనే, ఫలకం బిగించిన భవనాన్ని అలాగే నమూనాగా కాపాడితే ఇచ్చే ఇంకో అవార్డు ఉందని తెలిసింది. దాంతో మేడమ్ తన సోఫాని కూడా అక్కడే వదిలేసి, తాళాలన్నీ మళ్ళీ తన సంచీలో వేసుకుంది. గేటు దగ్గర నిలబడేవాళ్ళు ఇంకా నిలబడుతూనే ఉన్నారు. ఇద్దరు తగ్గారు, అంతే. మేనేజరు మాత్రం గేటు వైపు రావడం మానేసి వెనకదారిన ఆఫీసుకి వస్తున్నాడు. అతనికి మనసు లేదని కాదు. ఉద్యోగం ఉంది.

సభ అయిన మర్నాడే మేడమ్ అత్తాకోడళ్ళని పంపించేద్దామని చూసింది. మేడమ్ భర్త అప్పటికి కళ్ళజోడు తెచ్చుకుని పెట్టుకున్నాడు. అన్నీ స్పష్టంగా చూశాడు. పటం సంగతీ, జ్వరం సంగతీ, మూడో అంతస్తు సంగతీ అన్నీ విన్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడకి ఎదురు చెప్పాడు.

"మా అమ్మ ఎక్కడికీ వెళ్ళదు."

"మీ అమ్మేంటండీ! ఆవిడెవరో!"

"నేనెవరో నీకు తెలీదన్నావు కదా మొన్న. నన్ను అదే మొదటిసారి చూడ్డం అన్నావు. మీ ఇద్దర్లో నాకు ముందు పరిచయమైంది ఆవిడే అవుతుంది మరి."

ఇస్త్రీ ఆవిడ వరండాలో బల్ల వేసుకుని ఇస్త్రీ మొదలుపెట్టింది. పనిమీద ఆ తెల్ల భవనం ముందునుంచే వెళ్తుంటుంది. వెళ్ళినప్పుడల్లా ఆగి, మూడో అంతస్తు గోడ వైపు తలెత్తి చూస్తుంది. వాన పడ్డప్పుడు ఆ గోడ తడుస్తుంటే ఆవిడకి తట్టుకోవడం కష్టం. లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు.

అంతటితో కథ కంచికి వెళ్ళాల్సింది. కానీ పెద్దాయనకి ముసలావిడ మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఆయనకీ తల్లి లేదు, ఇల్లు కూడా ఆ పక్క వీధిలోనే. అవ్వ ఎలా ఉందో చూసిపోదామని ప్రతి ఆదివారం ఉదయాన్నే దిగబడతాడు, ఎండ తిరిగేదాకా కదలడు. పైగా కొత్త అవార్డుకి కూడా ఆయనే అధ్యక్షుడు. ఆ ఇంటి ఇల్లాలు ఎవరో ఆయనకి తెలియకూడదు. అందుకని ఆయన కారు హారన్ వినబడగానే మేడమ్ సంచీ చంకన పెట్టుకుని పెరటి గోడ దాటుతుంది.

సెలవురోజు వెళ్ళడానికి ఆవిడకి ఎక్కడుంది చోటు? తిన్నగా భవనానికి వెళ్ళి, తాళం తీసుకుని, మొదటి అంతస్తు ఫ్లాటులో తన సోఫాలో కూర్చుంటుంది. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. వెంట తెచ్చుకున్న సీసా నీళ్ళు అయిపోతే దాహంతో అలాగే ఉంటుంది. ఓ ఆదివారం దారిలో వానకి తడిసి ముద్దయింది. పెద్దాయన వెళ్ళిపోయాడని ఇంటినుంచి ఫోను వచ్చేదాకా పోయే వీల్లేదు. చేసేదిలేక తడి తువ్వాలు పిండి బాల్కనీ కమ్మీ మీద ఆరేసింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు తలలెత్తి ఆ తువ్వాలుని చూశారు.

ఆ భవనంలో ఇప్పటిదాకా కాపురమున్నది ఆవిడొక్కర్తే.